ఫ్యాన్ గడిలో సున్నాలు

2013 ఎండాకాలంలో నేను నారాయణగూడ సెక్షన్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. అశోక్‌నగర్‌లో, పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ మిద్దె మీద ఒక ప్రైవేటు కంపెనీ ప్రయోగం పెట్టింది. సోలార్ కరెంటుతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. కరెంటు కోత వేళ ఆ గ్యాస్‌తోనే మళ్లీ కరెంటు పుట్టిస్తారు. ఆ కరెంటు మా లైనులోకి ఎదురు రాకుండా చూడడం నా డ్యూటీ. ఎదురొస్తే స్తంభం మీదున్న మా మనిషి పోతాడు.

యంత్రం పది యూనిట్లు మింగి మూడే ఇచ్చేది. కంపెనీ ఇంజనీరు శ్రీకర్‌కు అదే బెంగ. ఆ రోజు వాళ్ల పెద్దసార్లు యంత్రాన్ని చూడడానికి వస్తున్నారు.

హాస్టల్ నడిపే లలితమ్మ కర్పూరం పళ్లెం తెచ్చింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కైనా హారతి ఇవ్వనిదే మేము స్విచ్ వేయం.

"జర మీ చేత్తోనే ముట్టియ్యండి సార్. పిల్లలకు కరెంటు పరేషాన్ తప్పితె చాలు" అంది.

అగ్గిపెట్టె చేతిలో ఉండగానే, యంత్రం గది గుమ్మానికి వేలాడుతున్న లాగ్‌బుక్ తెరిచాను. నలభై ఏళ్లకు రాత్రిబడిలో అక్షరాలు నేర్చినవాణ్ణి. గబగబా చదవలేను, ప్రతి గడి మీదా వేలు పెడతాను. గ్యాస్‌ను బయటికి తోసే ఫ్యాన్ గడిలో పొద్దున్నుంచీ సున్నాలే.

ఎందుకు ఆపావని శ్రీకర్‌ను అడిగాను.

"అది గూడ మన మూడు యూనిట్లల్లకెళ్లే తింటది సార్. సార్లు పోయినంక వేస్త. వాసన గిట్ల ఏం లేదు కద."

అగ్గిపెట్టె జేబులో పెట్టేశాను. హైడ్రోజన్‌కు వాసన ఉండదు. మా సబ్‌స్టేషన్ బ్యాటరీ గదిలో ఛార్జింగప్పుడు పుట్టేదీ ఇదే. కప్పు కింద చేరి కూర్చుంటుంది. గోడకు అవతలే, రేకుల షెడ్డులో, నలభై మంది చదువుకుంటున్నారు.

శ్రీకర్ కంగారుగా గదిలోని ఫ్యాన్ స్విచ్ మీదికి చేయి చాచాడు. స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ చాలు, గది పేలిపోవడానికి.

"ముట్టకు" అన్నాను.

తలుపు, కిటికీలు తెరిపించాను. పిల్లలను దింపి, కింది బోర్డులో యంత్రం బ్రేకర్ దించాను. గంటసేపు రోడ్డు మీదే నిలబడ్డాం. ఏమైతది సార్ అని లలితమ్మ అడుగుతూనే ఉంది. గంట తర్వాత శ్రీకర్ గ్యాస్‌ను పసిగట్టే మీటరు పట్టుకుని పైకెళ్తే, కప్పు దగ్గర అది ఇంకా మోగింది.

ఫ్యాన్‌ను లెక్కలో వేస్తే మూడు యూనిట్లు కూడా మిగల్లేదు. ప్రయోగం ఎత్తేశారు.

ఖర్చు తగ్గించమంటే మనిషి మొదట కోసేది కాపాడేదాన్నే. ఇప్పుడు హైడ్రోజన్ కరెంటు చవకని ఎవరు లెక్క తెచ్చినా, ముందు ఫ్యాన్ గడి మీద వేలు పెడతాను.