పరగడుపు పరుగు

మా అన్న పోలీసు కానిస్టేబుల్ కావాలనుకున్నాడు. ఊరు విడిచి పట్నం వచ్చి మేమిద్దరం ఖాజాగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. అన్న ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. నేను ఇంకో ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరు మీదున్న రోజులవి. "మన రాష్ట్రమొస్తే మన నౌకర్లు మనకే చెల్లె" అనేవాడు అన్న.

వంద మీటర్లలో అన్న ఎవరికీ అందేవాడు కాదు. కానిస్టేబుల్ ఎంపికల్లో దూరపు పరుగులోనే రెండుసార్లు తప్పాడు. సాధన చేసేటప్పుడు కూడా కొంత దూరం పోయాక తొడలు పట్టేసి చెరువుగట్టున కూలబడేవాడు. "తిండికి ముంగట, పనికి ఎనక" అని నాన్న ఫోన్‌లో ఎత్తిపొడిచేవాడు. నేనూ అది బద్ధకమే అనుకున్నాను. "పొద్దుగాల ఏం తినకుండ ఉరుకు, పానం తేలికగుంటది" అని సలహా ఇచ్చింది నేనే.

ఒక బంద్ రోజు అట్లాగే పరగడుపున పరుగెత్తి, బస్సుల్లేక డ్యూటీకీ నడిచే వెళ్లాడు. హోటళ్లన్నీ మూసి ఉండడంతో మధ్యాహ్నమూ ఏమీ తినలేదు. సాయంత్రం గోడ పట్టుకుంటూ గదికి వచ్చాడు.

"కాళ్లు కట్టెలైనయ్ చెల్లె. మూత్రం చాయ్ డికాషన్ లెక్కొస్తున్నది" అన్నాడు, తల వంచుకుని.

ఇంటి ఓనరు తన బండి మీద దవాఖానకు తీసుకెళ్లాడు. కండరాలు దెబ్బతిని, వాటి నుంచి వెలువడిన విషం మూత్రపిండాల మీద పడిందన్నారు. డయాలసిస్ చేశారు. జన్యు పరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టరు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"కాసేపు పరుగెత్తడానికి ఒంట్లో ఉన్న చక్కెర సరిపోతుందండి. ఆ తర్వాత కొవ్వు కరిగి కండరాలకు శక్తినివ్వాలి. ఈయనకి పుట్టుకతోనే ఆ దారి సరిగా లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు వచ్చాయి. ఎంత సాధన చేసినా అది మారదు. ఏమీ తినకపోతే ఆ చక్కెరా చాలదు. అసలు పరగడుపున పరుగెత్తమని ఎవరు చెప్పారండి?"



"ఎవ్వరు చెప్పలే సార్. నేనే అనుకున్న" అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "గిట్లుంటదని ఎవనికెరుక బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత ఎత్తిపొడవలేదు కానీ, అన్నతో మాట్లాడటమే తగ్గించాడు.

రాష్ట్రం వచ్చింది. కొన్నాళ్లకు కానిస్టేబుల్ నోటిఫికేషనూ వచ్చింది. తోటి గార్డులు మా గదికి వస్తే అన్న ఒక్కొక్కరి దరఖాస్తూ ఓపికగా నింపిపెట్టాడు.

"నువ్వు పెడ్తలేవా అన్నా?" అని ఒకతను అడిగాడు.

"నాకు వయసు దాటింది తమ్మీ" అన్నాడు.

అప్పటికి ఇంకా దాటలేదు.