రైట్ అంటే కుడి కాదు

బస్సు కండక్టరు ఉషారాణిని నిద్రలో లేపి అడిగినా సరే, సూర్యాపేట నుంచి కోదాడకు, అక్కడినుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు ఏ స్టేజీ ఎన్నో కిలోమీటరులో వస్తుందో, బస్సు ఎన్ని నిమిషాలకు చేరుతుందో గడగడా చెప్పేస్తుంది. ఇరవై అయిదేళ్ల సర్వీసు మరి! పుట్టింది కోదాడలో, కాపురం సూర్యాపేటలో, బతుకంతా గడిచింది ఆ రోడ్ల మీద బస్సులో నిలబడి. ఆ నిలబడటమే చివరికి కొంప ముంచింది. నలభై తొమ్మిదో ఏట రెండు మోకాళ్లూ మొరాయించాయి. ఇక బస్సు ఎక్కవద్దని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

డిపోలో ఆఫీసరు మహేందర్ మంచివాడే. ఆమె ముందు రెండు కుర్చీలు పెట్టాడు. ఒకటి ఎంక్వయిరీ కిటికీ దగ్గర. ఫలానా బస్సు ఎప్పుడని అడిగినవాళ్లకు చెప్పడం, అంతే. రెండోది బస్టాండులో కంట్రోలరు కుర్చీ. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, దేన్ని ఆపాలో, దేన్ని దారి మళ్లించాలో తేల్చి చెప్పడం. సోమవారంలోగా ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు. ఉషారాణి మనసంతా రెండో కుర్చీ మీదే ఉంది, కానీ ఒక్క భయం పట్టుకుంది. ముప్పై ఏళ్లు బండి నడిపిన డ్రైవర్లు, ఎవరినీ లెక్కచేయని మొండిఘటాలు, తను ఆగమంటే ఆగుతారా? ఇన్నాళ్లూ టికెట్లు కొట్టిన మనిషి చెయ్యెత్తితే ఖాతరు చేస్తారా? అది తేల్చుకోకుండా వెళ్లి కూర్చుంటే నవ్వులపాలు కావడం ఖాయమనుకుంది.

సరిగ్గా అప్పుడే కార్ల ర్యాలీ కాగితం ఒకటి ఆమె చేతికొచ్చింది. హైదరాబాదు క్లబ్బువాళ్లెవరో ఆదివారం పెడుతున్నారట, మామూలు కారు చాలట, కొత్తవాళ్లకు వేరే విభాగం కూడా ఉందట. ర్యాలీ అంటే దుమ్ము రేపుకుంటూ దూసుకుపోవడం అనుకునేరు, అదేం కాదు. బయల్దేరే ముందు ఒక దారి పుస్తకం చేతిలో పెడతారు. అందులో ఊళ్ల పేర్లుండవు. మలుపుల బొమ్మలు, కిలోమీటర్లు, ఎంత వేగంతో పోవాలన్న అంకె మాత్రమే ఉంటాయి. దారిలో ఆరుచోట్ల కంట్రోల్ పాయింట్లు పెట్టుకుని, వాచీలతో మనుషులు కూర్చుంటారు. చెప్పిన నిమిషానికే అక్కడికి చేరాలి. ఆలస్యమైతే నిమిషానికి ఒక మార్కు పోతుంది, ముందే వస్తే రెండు పోతాయి. అది చదివి ఉషారాణి పకపకా నవ్వింది.

"ఓరి వీళ్ల దుంపతెగ, ఇది నేను రోజూ చేసే డ్యూటీయేగా!" అనుకుంది. ఆ ఊపులోనే తనకు తాను ఒట్టు పెట్టుకుంది. ఆరు పాయింట్లూ తప్పకుండా దాటిస్తే కంట్రోలరు కుర్చీ, ఒక్కటి తప్పినా ఎంక్వయిరీ కిటికీ.

కారు ఆమెదే, ఎనిమిదేళ్ల పాత ఆల్టో. నడపడానికి రామనర్సయ్యకు ఫోను కొట్టింది. ఆయన తుంగతుర్తి వైపు మనిషి. ముప్పై రెండేళ్లు బస్సు నడిపి రెండేళ్ల కింద రిటైరయ్యాడు. అందులో పద్నాలుగేళ్లు ఆయన బండికి ఉషారాణే కండక్టరు.

"అన్నా, ఆదివారం ఒక డ్యూటీ ఉంది, వస్తావా?"

"ఏ బండి?"

"నా ఆల్టో. దారి నేను చెప్తా, నడపడం నీ పని."

"గంతేనా? పద్నాలుగేండ్లు నీ నోటి మాట మీదనే నడిపిన గదనే చెల్లె! వస్త తియ్." ఒట్టు సంగతి కూడా చెబితే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున ఇంట్లో తల్లి జానమ్మ గొణుగుడు మొదలుపెట్టింది. "చర్చి మానేసి కారు పందేలేంటే నీకు, ఈ వయసులో?" అంది. "పందెం కాదమ్మా, టైముకు పోవడం" అని తాళాలు తీసుకుని బయటపడింది ఉషారాణి. సూర్యాపేటలో హైవే పక్కన కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. మ్యాపులు చూడకుండా ఫోన్లన్నీ కవర్లలో పెట్టించి సీలు వేస్తున్న కుర్రవాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "దారి చెప్పే నావిగేటర్ ఎవరు మేడమ్? మీ బాబు వస్తున్నాడా?" అని అడిగాడు. "బాబెందుకు నాయనా, నేను చాలనా?" అంటూ పుస్తకం అందుకుని సంతకం గీకేసింది.

మొదట్లో అంతా నల్లేరు మీద నడకే. పది కిలోమీటరు రాళ్లు దాటేసరికి కారు మీటరు పదీ పాయింట్ మూడు చూపించింది. బండి అబద్ధమాడుతోందని పట్టేసి, ఆ తేడా ప్రతి లెక్కలోనూ తీసేస్తూ పోయింది. పెద్ద కార్లు రయ్యిమని దాటిపోతుంటే, "పోనీ అన్నా, వాళ్లంతా బిఫోర్ టైమ్" అంది. మొదటి పాయింట్‌కు సరిగ్గా నిమిషానికి చేరారు. కోదాడ దగ్గర రెండోదానికి ఒక్క నిమిషం తేడా. అక్కడున్నవాళ్లు ఆల్టోను చూసి, అందులోంచి దిగిన ఇద్దరినీ చూసి ముక్కున వేలేసుకున్నారు.

కోదాడ దాటాక ఒక కూడలి వచ్చింది. పుస్తకంలో బాణం కుడికి ఉంది. అప్పటిదాకా కుడి, ఎడమ అంటూ శుద్ధంగా చెప్పుకొచ్చిన మనిషి, లెక్క హడావుడిలో తలెత్తకుండానే "రైట్, రైట్!" అనేసింది.

ఇక చూడండి. బస్సులో కండక్టరు రైట్ రైట్ అంటే ఏమని అర్థం? పోనివ్వమని. ఆపాలంటే హోల్డాన్. పద్నాలుగేళ్లు ఆ గొంతులోంచి ఆ మాట విన్న కాలు ఊరుకుంటుందా? రామనర్సయ్య గేరు మార్చి తిన్నగా పోనిచ్చాడు.

ఎనిమిది కిలోమీటర్లు పోయాక గానీ ఉషారాణి లెక్కల్లోంచి తలెత్తలేదు.

"అన్నా, కాలువ కట్ట రావాలి, ఏదీ?"

"కాలువెక్కడిది? హుజూర్‌నగర్ వస్తున్నది ముందట."

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. "కూడలి దగ్గర కుడికి తిప్పమన్నాగా!"

"ఎప్పుడన్నవ్? రైట్ రైట్ అన్నవ్, పోనిచ్చిన."

"రైట్ అంటే కుడి అన్నా!"

"ఇన్నేండ్ల సంది రైట్ అంటే పోనియ్యమనే గదా! ఇయ్యాల అర్థం మారిందంటే నాకెట్ల తెలుస్తది?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు, ఆపుకోలేక నవ్వేశారు. వాచీ చూసుకోగానే ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. పదీ ముప్పై రెండు. మూడో పాయింట్ కాలువ కట్ట మీద ఎక్కడో ఉంది, దానికి పదీ నలభైకల్లా చేరాలి. ఒక్క పాయింట్ తప్పినా ఆ కారు పోటీలో లేనట్టే. అరగంటకు మించి ఆలస్యమైనా అంతే.

రామనర్సయ్య మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "పరేషాన్ గాకు. గీ పక్క తొవ్వల దిగితే నాలుగు కిలోమీటర్లల్ల కాలువ కట్ట ఎక్కుతం. టైముకే ఉంటం."

"అది అవతలి కొస నుంచి వచ్చినట్టు అన్నా. ఎదురు దిక్కున వస్తే లెక్కలోకి రాదని పుస్తకంలో రాశారు."

"జర దాటిపోయి, తిప్పుకొని సక్కగ వచ్చినట్టు వద్దం. ఎవ్వడు సూస్తడు? గీ రోడ్లు నాకు చెప్తవా నువ్వు?" అంటూనే ఆయన కారును పక్క దారిలోకి దింపాడు.

"హోల్డాన్!"

కారు ఠక్కున ఆగింది. అంత గట్టిగా అరిచానా అని ఉషారాణికే ఆశ్చర్యమేసింది. రామనర్సయ్య మొహం కందగడ్డయింది. "ఏందే, గట్ల కేకేస్తవ్?" అన్నాడు. ఆమె వాచీ చూసి లెక్క కట్టింది.

"వెనక్కి ఎనిమిది కిలోమీటర్లు, పది నిమిషాలు. అక్కడినుంచి కట్ట మీద పదకొండు, ఇరవై నిమిషాలు. ఇప్పుడు పదీ ముప్పై నాలుగు. పదకొండూ నాలుగుకు చేరతాం. ఇరవై నాలుగు నిమిషాలు లేటు, ఇంకా ఆరు నిమిషాలు మన చేతిలోనే ఉంటాయి. తిప్పు."

"ఇరవై నాలుగు మార్కులు పోతయ్ గదనే! అక్కరకొచ్చే తొవ్వ ముందట పెట్టుకొని..."

"పోతే పోనీ. మన రూటు ఇది కాదు. తిప్పన్నా."

ఆయన పళ్లు బిగబట్టి కాసేపు స్టీరింగు మీద వేళ్లాడించాడు. తర్వాత బండి వెనక్కి తిప్పాడు. కూడలి కనబడింది. వెనక్కి వస్తున్నారు కదా, కుడివైపు తిరగాల్సిన దారి ఇప్పుడు ఎడమకు పడింది. ఆమె నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ రైటూ లెఫ్టూ నాకొద్దు. బస్సు కన్నా ముందు అరక తోలిన. దాపట, ఎలపట అని చెప్పు, సచ్చినా తప్పువోను."

అరకకు కట్టిన ఎద్దుల్లో ఎడమది దాపట, కుడిది ఎలపట. ఉషారాణి ముసిముసిగా నవ్వుతూ "దాపటికి!" అంది. ఆల్టో కాలువ కట్ట ఎక్కింది. కట్ట మీద ఆయన కాలు కాస్త బరువెక్కబోతే, "వద్దు, ఆరు నిమిషాలున్నాయిగా" అని ఆపింది. మంచిదే అయింది. మలుపు తిరగ్గానే గొర్రెల మంద దారికడ్డంగా వచ్చి రెండు నిమిషాలు తినేసింది. పదకొండూ ఆరుకు మూడో పాయింట్‌లో కార్డు మీద ముద్ర పడింది. ప్రతి పాయింట్ నుంచి లెక్క మళ్లీ కొత్తగా మొదలవుతుంది. దాపట, ఎలపట అనుకుంటూ నాలుగు, అయిదు పాయింట్లకు సరిగ్గా నిమిషానికి చేరారు. మిర్యాలగూడలో రైసు మిల్లుల పక్కన పెట్టిన ఆరోదానికీ అంతే.

కొత్తవాళ్ల విభాగంలో తొమ్మిది కార్లుంటే మూడింటిని పోటీలోంచి తీసేశారు. అందులో ఒకటి కాలువ కట్ట మీదికి అవతలి కొస నుంచి వచ్చిన కారు. ఆ మాట మైకులో విని రామనర్సయ్య గొంతు సవరించుకుని పక్కకు చూశాడు. ఆల్టోకు నాలుగో స్థానం వచ్చింది. కప్పు లేదు, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు.

ఉషారాణి సర్టిఫికెట్ వంక సరిగా చూడనైనా లేదు. ఫోను మీది సీలు చించి, స్పీకరు పెట్టి అక్కడికక్కడే మహేందర్‌కు కలిపింది.

"సార్, కంట్రోలరు కుర్చీకి నా పేరు రాసుకోండి."

"రేపు చెప్పొచ్చు గదా ఉషమ్మా, ఆదివారం పూట గంత తొందరేంది? మంచిగ ఆలోచించిన్రా? మన డ్రైవర్లు తెలుసు గదా. ముప్పై ఏండ్ల సర్వీసోళ్లు ఒకరు చెప్తే ఆగరు, మీదికొస్తరు."

ఆమె నోరు తెరిచేలోపే రామనర్సయ్య చెయ్యి చాపి ఫోను అందుకున్నాడు.

"సార్, నేను రామనర్సయ్యను. ముప్పై రెండేండ్ల సర్వీసు. పొద్దుగాల నాకే అన్నీ తెలుసనుకొని బండిని తప్పు తొవ్వల దింపిన. ఒక్క మాట అన్నది సార్. ఆగిన."