ఎత్తు హ్యాండిల్

డోన్ స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూములో ఆమెను చూశాను. ఒళ్లో కొత్త సైకిల్ హ్యాండిల్ పెట్టుకుని కూర్చుంది. కోసిగి పక్క పల్లెల్లో కాన్పులు చేసే నర్సట.

"దీనికోసం ఇంత దూరం వచ్చారా?" అన్నాను.

"ఇప్పుడుండేది కిందికి వంగి ఉండాదమ్మా. దాంతో పోతే నడుము పడిపోతాండాది. ఎత్తుది వేయమంటే మా ఊరి పెద్దోళ్లు వద్దన్నారు. ఆడమనిషి చావిడి ముందర తల వంచుకోనే పోవల్లంట. వాళ్లకు భయపడి సైకిల్ షాపాయన బిగించనన్నాడు."

"మరెలా?"

"నేనే బిగించుకుంటా. వాళ్లిండ్లల్లో కాన్పొస్తే నన్నే కదా పిలిచేది! విరిగిన నడుముతో బిడ్డనెట్ల పట్టేది?"

బెంచీ అంచుకు జరిగి, సైకిలెక్కినట్టు నిటారుగా కూర్చుంది. కళ్లు మూసుకుని చేతులు చాచింది.

"చేతులు యాడికొస్తే హ్యాండిల్ ఆడుండల్ల. మనం దాని కాడికి వంగకూడదు."

నన్నూ అలాగే కూర్చోబెట్టి హ్యాండిల్ అందించింది. అంతలో ఆమె బండి వచ్చింది. హ్యాండిల్‌ను నా దగ్గర్నుంచి తీసుకుని, రెండు చేతులా ముందుకు పట్టుకుని, మగవాళ్ల గుంపు మధ్యలోంచే నడిచి వెళ్లి రైలెక్కింది.

మరుసటేడు కర్నూలులో నేనూ సైకిల్ కొనబోయాను. అంగడాయన హ్యాండిళ్లు ఒక్కొక్కటే దించుతున్నాడు. ముందు నాకొక స్టూలు వేయమని, దానిమీద నిటారుగా కూర్చుని చేతులు చాచాను.