గులాబీల కాగితం వెనక గోడ

తమ్ముడూ, నువ్వు పట్నం నుంచి తెచ్చి మా గది గోడకు అంటించిన పూల కాగితం లేచిపోతున్నది నేను గంజి పల్చగా కాచినందుకే అన్నావు. కాదు. గంజి బాగానే ఉంది, తడిసింది గోడ.

ఈ రోజు పొద్దున నీ మేనల్లుడు మైదా గంజి గిన్నె పట్టుకుని కాగితం అంటించడానికి మళ్ళీ బయలుదేరాడు. ఆ గదిలోనే బాలింత మనవరాలు, పక్కన దగ్గుతున్న పసిపిల్ల. నేను గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పైన పొడిగా ఉంది, మోకాలి ఎత్తు దాకా చెమ్మ. అంటే ఇంటి కప్పుది తప్పు కాదు. గోడకు అవతల స్నానాల బండ ఉంది కదా, బాలింతకు రోజూ కాగు నిండా వేడినీళ్ళు అక్కడే పోస్తున్నాము. ఆ నీళ్ళు పోయే తూము పొయ్యి బూడిదతో పూడుకుపోయింది.

“కాగితం మంచిగ అంటిస్తే తడి కనవడదు గదా అమ్మా,” అన్నాడు వాడు.

“కనవడకపోతే పిల్లకు దగ్గు రాదారా?”

కాగితం పట్టుకుని లాగేశాను. ముందు గులాబీలు, వెనక నల్లటి బూజు. తూము తీయించి, తల్లిని, పిల్లను వాడి గదిలోకి మార్చాను. గోడ మీద అంత ప్రేమ ఉన్నవాణ్ణి దాని పక్కనే పడుకోమన్నాను. అన్యాయమంటావా, చెప్పు.

కొత్త కాగితపు చుట్ట తెస్తానన్నావు, తేవద్దు. ఎల్లుండి అక్కన్నపేట నుంచి బండి కట్టినప్పుడు ఒక బస్తా బొగ్గులు వేసుకుని రా. కుంపట్లు పెట్టి గోడ ఆరబెట్టాలి. పిల్ల దగ్గు తగ్గేదాకా నా ముందు పూల మాట ఎత్తకు.