హ్యాడ్ పెట్టమన్న సారు

పరీక్షలో వచ్చిన వాక్యం చిన్నదే. ‘మేం ఆఫీసుకు చేరకముందే గుమాస్తా వెళ్లిపోయాడు.’ దాన్ని ఇంగ్లీషులో ఇచ్చి, ‘వెళ్లిపోయాడు’ అన్నచోట ఖాళీ వదిలారు. కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో ‘లెఫ్ట్’ ఉంది, ‘హ్యాడ్ లెఫ్ట్’ కూడా ఉంది. ఆలోచించకుండా ‘హ్యాడ్ లెఫ్ట్’ నొక్కాను. గతంలో రెండు పనులు జరిగితే ముందు జరిగినదానికి హ్యాడ్ పెట్టాలని హైస్కూల్లో మా ఇంగ్లీషు సారు చెప్పారు. కోడుమూరులో ఒక ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్లుగా నేనూ పిల్లలకు అదే చెబుతున్నాను.

ప్రాథమిక కీ వచ్చిన రోజు ఫోన్లో చూసుకుంటే జవాబు ‘లెఫ్ట్’ అని ఉంది. ప్రశ్నకు అర మార్కు. ఇంకెప్పుడైనా అయితే పోనీలే అనుకునేదాన్ని. కానీ నాకు నలభై మూడేళ్లు. టీచరు పోస్టులకు పోయినసారి నోటిఫికేషన్ పడ్డాక మళ్లీ పడడానికి ఏడేళ్లు పట్టింది. ఇంకోటి పడేసరికి నాకు వయసు దాటిపోతుంది.

అభ్యంతరం పెట్టుకోవడానికి మూడు రోజుల గడువు ఇచ్చారు. మరుసటి రోజే బడికి సెలవు పెట్టి, కర్నూల్లో బస్సు మారి నందికొట్కూరు వెళ్లాను. సారు రిటైరయ్యాక అక్కడే ఉంటున్నారు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"మగ్గాల వీధి పాపవు కదా! ఏమ్మా, యాడ పని చేస్తాండావు?" అన్నారు.

ప్రశ్నను కాగితం మీద రాసి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"రెండూ కరెక్టేనమ్మా."

"రెండూనా సార్?"

"‘బిఫోర్’ అని ఉండాది కదా. ఏది ముందో ఆ మాటే చెప్తాది. హ్యాడ్ పెట్టొచ్చు. పెట్టకపోయినా తప్పు లేదు."

"మేం లెఫ్ట్ అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేవాళ్లు కదా సార్, మీరు!"

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. "రెండు చెప్తే మీరు గందరగోళ పడ్తారు, ఒకటి చెప్తే చాల్లే అనుకుంటి," అన్నారు.

లోపలికి పోయి అట్ట ఊడిన గ్రామరు పుస్తకం ఒకటి వెతికి తెచ్చారు. రెండూ రాయొచ్చని ఉన్న పేజీని ఫొటో తీసుకున్నాను. ఆయన ఒక ఉత్తరం కూడా రాసిచ్చారు. తిరుగు బస్సులో దాన్ని చదువుకున్నాను. ఒకప్పుడు బోర్డు మీద చూసిన అక్షరాలు కావవి, వంకరపోయాయి. ఆ సాయంత్రమే అభ్యంతరానికి జతచేసి ఉత్తరాన్నీ ఫొటోనూ పంపించాను.

తుది కీలో జవాబు మారలేదు. ఎందుకు మారలేదో ఎక్కడా రాయలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఎంపికైనవాళ్ల జాబితా కోసం ఎదురుచూశాను. అది ఒక మధ్యాహ్నం అన్నం వేళ వచ్చింది. అందులో నా పేరు లేదు, ఆఖరి పేరుకూ నాకూ అర మార్కు తేడా. మార్కులు సమానమైతే వయసులో పెద్దవాళ్లకే ఇస్తారు. తర్వాతి రెండు పీరియడ్లు పాఠం చెప్పి ఇంటికి వచ్చాను.

అమ్మ మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. విషయం చెప్పాను.

"ఒక్క మాటకేనా?" అంది.

"ఒక్క మాటకే."

"వాళ్లను అడగరాదా?"

"అడిగితినమ్మా."

పోగుల మధ్యకు తోయబోయిన నాడెను చేతిలోనే పట్టుకుని నావైపు చూసింది. తర్వాత మళ్లీ నేయడం మొదలుపెట్టింది.

పొద్దు గూకకముందే సారు ఫోన్ చేశారు. "మార్చినారామ్మా?"

"లేదు సార్. ఉద్యోగం రాలేదు."

"నా వల్లనే నీకిట్ల అయిపాయ," అన్నారు.

కాదు సార్, అని నేను అనాలి. ఆ మాట కోసమే ఆయన ఆగారని నాకు తెలుసు. ఆ వయసు మనిషికి ఆ మాత్రం చెప్పడానికి నాకేం పోతుంది? కానీ నోరు రాలేదు. "ఉంటాను సార్," అని పెట్టేశాను.

తర్వాత రెండుసార్లు ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మొదటిసారి క్లాసులో ఉన్నాను. రెండోసారి ఇంట్లో ఖాళీగానే ఉన్నాను. అది మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.