చాటెడు తవుడు

ఇక కాన్పులు లేవనుకున్న మా అమ్మకు, నా పద్నాలుగో ఏట మళ్ళీ నెల తప్పింది. నా తర్వాత పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ అప్పటికే పోయారు. ఒకతి పురిట్లోనే. రెండోది 'అమ్మా' అనడం నేర్చిన కొత్తలోనే పోయింది. అందుకే తమ్ముడు పుట్టిన పదకొండో నాడు, ఎదురింట్లో గేదెల్ని మేపుకునే అవ్వకు అమ్మ వాణ్ణి చాటెడు తవుడుకు అమ్మేసింది.

తిరపతిలో మా వీధివాళ్ళకు ఇది కొత్త కాదు. పిల్లలు నిలవని ఇళ్ళల్లో బిడ్డను ఇలా అమ్మి, సాయంత్రానికి తెచ్చేసుకుంటారు. బిడ్డ ఆ ఇంటిది కాదని చావును నమ్మించడానికి. అమ్మ మాత్రం తెచ్చుకోలేదు. కొండమీద గుండు కొట్టించేదాకా, ఐదేళ్ళూ వాడు అవ్వ బిడ్డేనంది. పాలివ్వడానికి రోజుకు పదిసార్లు వీధి దాటేది. వాడి మొహం చూడకుండా గోడవైపు తిరిగి ఇచ్చేది. మాటలొచ్చాక వాడు అవ్వనే అమ్మా అన్నాడు.

"ఈ ఇంట్లో అమ్మా అనే మాట ఇనపడగూడదు. నువ్వు గూడా పిలవొద్దు" అంది నాతో.

నాకు ఒళ్ళు మండింది. వాడి కోసం నా నోరు కట్టేయడమేమిటి? పంతానికి నేనూ నాయన పిలిచినట్టే "ఇదిగో" అని పిలిచేదాన్ని. దానికి అమ్మ పలికేది.

వాడికి మూడో ఏడు. ఎండాకాలం మధ్యాహ్నం, నాయన రేణిగుంటలో పనికి పోయాడు. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. పెరట్లోంచి "అమ్మా" అని ఓ చిన్న గొంతు వినపడింది. నేను లేవబోయేంతలో అమ్మ తలెత్తకుండానే అంది.

"ఈడ అమ్మ లేదు, పో."

తలుపు తీసి చూశాను. ఎవరూ లేరు. కాలిపోతున్న బండ మీద తడి పాదం గుర్తొకటి, నా అరచేతికన్నా చిన్నది, చూస్తుండగానే ఆరిపోయింది.

"ఎవరది?" అన్నాను.

"మన సిన్నది. శానా దినాలుగా వస్తాండాది. పలికితే వాడు దక్కడు."

చేతులు ఆగలేదు. ఏరిన రాళ్ళను మళ్ళీ బియ్యంలోనే వేస్తోంది.

ఐదేళ్ళూ నిండాయి. కొండమీద వాడికి గుండు కొట్టించుకుని వచ్చాం. "ఇంక పిలవండి" అంది అమ్మ. వాడు బోడిగుండుతో అవ్వ దగ్గరికి పరిగెత్తాడు. నాకేమో అమ్మ మొహం చూస్తూ పిలవాలంటే సిగ్గేసింది. పెరట్లోకి పోయి, ఐదేళ్ళ పిలుపూ ఒక్కసారిగా పిలిచాను.

"అమ్మా."

"ఈడ అమ్మ లేదు, పో" అంది వంటింట్లోంచి.

మరుక్షణమే పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వా" అంది. "ఇంకెవురూ పిలవలేదా?"

లేదన్నాను. ఆమె నన్ను దాటి బండవైపు చూస్తూ నిలబడింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు పెరటి తలుపుకు గడియ వేయనిచ్చేది కాదు. ఎండలోకి చూస్తూ గడపలో కూర్చునేది.

అది మళ్ళీ రాలేదు.