పాలపిట్టకు పెట్టిన కొర్రలు

ఒక పిట్టను చూడటానికి నెలరోజులు తయారై, జీవితంలో ఆదివారాలన్నీ పోగొట్టుకున్న మొనగాణ్ణి నేను. మీరూ నవ్వుకోండి. ఆత్మకూరు బజారంతా ఎప్పుడో నవ్వేసింది.

మాది ధాన్యాల కొట్టు. ఆదివారమూ తెరిచే ఉంటుంది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు కొన్నేళ్ల కిందట పక్షుల పిచ్చి పట్టింది. వారానికొక రోజు సెలవు కావాలని నాయనను అడిగాను.

"పిట్టల్ని చూసేదానికి సెలవేందిరా?"

"పాలపిట్ట రెక్క విప్పితే చూడాల నాయనా! నీలం మెరుస్తాది. కొట్లో కూర్చుంటే కనపడేది కాదు అది."

నాయన కళ్లజోడు పైకి నెట్టుకుని తీర్పు చెప్పాడు. "సరే, వచ్చే నెల మొదటి ఆదివారం పో. దాని ఫోటో తెస్తే ఆదివారాలు నీయి. తేకపోతే నాయి. మళ్లా పిట్టల మాట ఎత్తగూడదు."

ఇక చూడండి నా పట్టుదల! బైనాక్యులర్ కొన్నాను. చొక్కా, ప్యాంటు, టోపీ అన్నీ ఆకుపచ్చవే కుట్టించాను. వేసుకుని అద్దంలో చూసుకుంటే అచ్చం ఆనపకాయలా ఉన్నాను. పక్షుల పుస్తకం తెప్పించి బొమ్మలు మాత్రం తెగ చూశాను. బొమ్మల కింద ఏదో రాసి ఉంది గానీ, అంత తీరిక ఎక్కడిది?

అసలు ఏర్పాటు వేరే ఉంది. గిరాకీ రావాలంటే మంచి సరుకు ముందు పెట్టాలని కొట్లో పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? కొత్త కొర్రలు జల్లించి, చెరిగి, ఒక్క పురుగు లేకుండా ఏరి, రెండు మూటలు ఉదయగిరి బస్సులో వేయించాను. అక్కడ కొయ్య గరిటెలు చెక్కే మస్తాన్ నా స్నేహితుడు.

"రోజూ పొద్దున్నే కొండ కింద బండమీద చల్లు మస్తానూ. వారంలో పిట్టలకు అలవాటైపోతాది."

"వస్తాయంటావా?"

"రాక యాడికి పోతాయిరా? ఇట్టాంటి కొర్రలు ఇంకెవురి కొట్లో ఉండాయి?"

ఆ ఆదివారం తొలి బస్సుకు ఉదయగిరిలో దిగి, ఆనపకాయ వేషంలో పొద చాటున బోర్లా పడుకున్నాను. కాసేపటికి బండ దగ్గర చప్పుడైంది. బైనాక్యులర్ ఎత్తాను. నిండుగా ఒక గడ్డం కనిపించింది. గడ్డం పైన కొర్రలు నములుతున్న నోరు.

మేకలు! వారంగా మేపుతున్నాం కదా, మంద మందే వచ్చింది. బండ నాకేసి, ఆకలి తీరక, పచ్చగా కనపడిన నన్నూ రుచి చూశాయి. నా టోపీ అక్కడే చెల్లిపోయింది.

"ముందే చెప్పగూడదంట్రా?" అని, మేకల్ని తోలడానికి పరిగెత్తుకొచ్చిన మస్తాన్ మీద అరిచాను.

"చెప్తే వింటివా? మేకలొస్తుండాయని మూడోరోజే ఫోన్ చేసినా. 'నువ్వు చల్లు, అంతే' అంటివి. అయినా పాలపిట్ట గింజలు తింటాదని ఎవురు చెప్పినార్రా నీకు? అది పురుగులు తినేది!"

మొదటిసారి పుస్తకం తీసి బొమ్మ కింద చదివాను. మిడతలు, పురుగులు అని ఉంది. నా చేతులతో ఏరి పారేసినవి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అయినా వదల్లేదు. మధ్యాహ్నం దాకా కొండ చుట్టూ తిరిగాను. పాలపిట్ట ఈక కూడా కనపడలేదు.

అప్పుడు నాయన ఫోన్ చేశాడు. "ఒరే, కొట్టు ముందర పాత గోతాలు దులపతా ఉండాం. బొద్దింకలూ పురుగులూ రాలతా ఉంటే కరెంటు తీగమీంచి ఒక పిట్ట దిగి దిగి తింటా ఉండాది. రెక్క విప్పితే నీలం. ఫోటో పంపించినా, చూడు. ఇదేనా?"

చూశాను. మా కొట్టు బోర్డు మీద దర్జాగా కూర్చుని ఉంది.

"అదే నాయనా."

"కొట్లో కూర్చుంటే కనపడదంటివే?"

నా ఆదివారాలు అక్కడితో సరి. ఆ రోజే మస్తాన్ చెక్కిన గరిటె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఏం తింటుందో కనుక్కోకుండా ఈ జన్మలో ఏ ప్రాణికీ విందు పెట్టను. అప్పటినుంచి ప్రతి ఆదివారం, మెడలో బైనాక్యులర్ వేసుకుని, పాత గోతాలు నేనే దులుపుతున్నాను.